హాజరు పట్టీ

పాఠంలో తెల్ల ఎలుగుబంటి ఉంది.
కరిగే మంచుముక్క మీద నిలబడి
మా ఎనిమిదో తరగతి వైపే చూస్తుంటుంది.
వన్నూరప్ప చెయ్యెత్తాడు:
"మన రాయదుర్గం కొండ ఎలుగు నల్లది గదా టీచర్,
సీతాఫలాలకు దిగుతాది.
పోయినేడు కాయ కన్ను తెరవకముందే దిగింది. యేం?"

నాకు తెలీదు.
పుస్తకం మూసేశాను.

ఆ రోజు నుంచి కిటికీ మేకుకు
ఒక నోటుబుక్కు వేలాడుతోంది.
బోరింగు పక్క వేప, తొలి పూత:
ఫిబ్రవరి ఇరవై ఆరు, చూసింది మారెక్క.
కానుగ చిగురు ఇద్దరు చూశారు, రెండు తేదీలు,
కొట్టుకున్నారు. రెండూ రాయించాను.
మీటరు పెట్టె వెనక పికిలిపిట్ట గూడు, మూడు గుడ్లు.
కోయిల పేజీ తిప్పేస్వామిది.
వాడూరికి పోయిన రోజు షేకున్ బీ రాసింది:
"కోయిల కనపళ్ళేదు. రేపు చూస్తా."
"కోయిలను చూస్తారా, వింటారా?" అని వెనక బెంచీ నవ్వింది.

ఆరుద్ర కార్తె వచ్చింది.
ఆరుద్ర పురుగు నడిచిన చేన్లోనే
గొర్రు నడుస్తుందని నారక్క వాళ్ళ జేజి మాట.
తడిసిన ఎర్రమట్టి మీద
అంతకన్నా ఎర్రగా, ముఖమల్ చుక్కలు.
వాటికోసం పేజీ గీసి పెట్టాం.
పద్నాలుగు రోజులూ నారక్క చేతిరాత ఒక్కటే:
కనపళ్ళేదు.
కనపళ్ళేదు.
"ఖాళీగా ఇడిసిపెడదామా టీచర్?"
వద్దు. చూడకపోవడం వేరు,
చూస్తే లేకపోవడం వేరు.

మఖలో ఒక చినుకు రాలింది.
వన్నూరప్ప అగ్గిపెట్టె తెచ్చాడు, లోపల ఒక్కటంటే ఒక్క పురుగు.
"శీతోష్ణస్థితి మారిపోయింది" అని బోర్డు మీద రాయబోయాడు.
సుద్దముక్క లాక్కున్నాను.
ఒక్క ఏడు అలగొచ్చు రా, అది వాన ఇష్టం.
ఆ మాట అనాలంటే ముప్పై ఏళ్ళ లెక్క కావాలి.
"మాకు పదమూడేళ్ళే గదా" అన్నాడు తిప్పేస్వామి.

ముప్పై ఏళ్ళు బీరువాలో దొరికాయి.
చెదలు తినగా మిగిలిన పాత హాజరు పట్టీలు.
జూన్ చివర ఒక నిలువు వరస,
పై పేరు నుంచి కింది పేరు దాకా సున్నాలు.
అందరికీ ఒకేసారి జ్వరమా?
నారక్క వేలు పెట్టి చూసింది.
సున్నాల్లో వాళ్ళ నాయనదీ ఒకటి.
"కాదు టీచర్. ఆ పొద్దు శెనక్కాయ విత్తినారు."

ఇంకేముంది, నేల మీద పరుచుకుని కూర్చున్నారు.
ఒక పట్టీలో సున్నాలు ఆరుద్రలో పడ్డాయి, ఒకదాంట్లో పునర్వసులో.
ఒక ఏడు అసలు సున్నాలే లేవు,
బడి నిండా పిల్లలు.
హాజరు భేషని ఇన్‌స్పెక్టరు ఎర్రసిరా సంతకం.
అది కరువని మా పిల్లలకు
సంతకం ఆరకముందే తెలిసింది.

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టారు.
చుక్కలు ఆశ్లేష వైపు ఎగబాకుతూ పోయాయి,
మధ్యలో మూడేళ్ళు మాత్రం వెనక్కి దిగాయి.
ఆ మూడూ చెరిపేస్తే గీత బాగొస్తుందన్నాడు ఒకడు.
రబ్బరు కూడా లాక్కున్నాను.

చివరి పట్టీల్లో నిలువు సున్నాలు లేవు.
అడ్డం సున్నాలు.
ఒక్క పేరు పక్కనే, సోమవారం నుంచి శనివారం దాకా,
మళ్ళీ సోమవారం.
ఇవి ఏ కార్తెవని ఎవరూ అడగలేదు.
బెంగళూరు బస్సు పొద్దున్నే నాలుగున్నరకు.

అగ్గిపెట్టె పురుగును వేప కింద వదిలాం.
మట్టిలోకి దిగడానికి చాలాసేపు తటపటాయించింది.

ఇప్పుడు హాజరు ఫోనులో. ముఖం చూపిస్తే చాలు.
నాలుగు రోజులుగా ఒక ముఖం లేదు.
ఈ ఉదయం నోటుబుక్కు తెరిస్తే
కోయిల పేజీలో, షేకున్ బీ రాత:
"తిప్పేస్వామి కనపళ్ళేదు.
రేపు చూస్తా."